గుమ్మానికెక్కని తలుపు

పోయిన నెల మా ఇంటికి రంగులు వేయించాం. పెయింటర్లు పడగ్గది తలుపు ఊడదీసి, హాల్లో నేలమీద పరిచి, భోజనానికి వెళ్ళారు. ఇంట్లో ఎవరూ లేరు. నాకు మోకాళ్ళ నొప్పులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అయినా ఆ తలుపును చూడగానే కాళ్ళు ఊరుకోలేదు. చెప్పులు విప్పి దానిమీదికెక్కాను. చేతులు రెండూ పక్కలకు దించి, పిడికిళ్ళు బిగించి, "ఏడు, మూడు, మూడు" అని లెక్కపెట్టుకుంటూ ఆ చివరికి వెళ్ళి ఈ చివరికి వచ్చేసరికి రొప్పు వచ్చింది. సరిగ్గా అప్పుడే మా కోడలు లోపలికి వచ్చింది.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

"ఐర్లాండ్ డాన్సు" అన్నాను.

ఆ పిల్ల నా నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదని తేలాక కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆమెకు చెప్పాలంటే దుబాయ్ నుంచి మొదలుపెట్టాలి.

అప్పుడు నాకు పదేళ్ళు. కరామాలో మూడో అంతస్తులో మా ఫ్లాటు. ఫ్లాటంటే మొత్తం మాది కాదు. మూడు గదుల్లో మూడు కుటుంబాలు, అందరికీ కలిపి ఒక వంటిల్లు, ఒక స్నానాల గది. మా గదిలో ఒక మంచం, ఒక బీరువా, సైటులో ఎవరో పారేస్తుంటే నాన్న మోసుకొచ్చి బాగుచేసిన ఫ్రిజ్, కిటికీలో ఏసీ. ఏసీ నీళ్ళు కారే బకెట్టును రోజుకు రెండుసార్లు ఖాళీ చేయడం నా పని. ఆ గదే మా ఇల్లు. ఆ గది తలుపే మాకు సింహద్వారం.

నాన్న ఎలక్ట్రీషియన్. ఇంటికి వస్తే చొక్కా కాలిన వైరు వాసన వేసేది. అమ్మ హాస్పిటల్లో పిల్లల వార్డులో ఆయా. ఆమె చీర ఫినాయిలు వాసన. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే నాకు ఇంటి వాసన తగిలేది. మాది గోదావరి జిల్లా. వాళ్ళు ముందు వెళ్ళారు, నేను అమ్మమ్మ దగ్గర ఊళ్ళో ఉండి చదువుకుని, ఎనిమిదేళ్ళు దాటాక దుబాయ్ చేరాను. ఊళ్ళో ఉన్నప్పుడు అమ్మమ్మ నన్ను ఒక కూచిపూడి మాస్టారి దగ్గర చేర్పించింది. రెండేళ్ళు నేర్చుకున్నాను. ఆ మాస్టారికి మోచేతులంటే పట్టింపు. కాస్త దిగితే చాలు, బెత్తంతో కిందినుంచి పైకి తట్టేవారు. ఆ బెత్తం దెబ్బలు తర్వాత నన్ను ఎంత ఇబ్బంది పెట్టాయో ఆయనకు ఎప్పటికీ తెలియదు.

దుబాయ్‌లో శుక్రవారం సెలవు. అమ్మకు మాత్రం సెలవుల్లో కూడా డ్యూటీ పడేది. డ్యూటీ ఉన్నా లేకపోయినా శుక్రవారం తెల్లవారకముందే లేచి, తలంటుకుని, మా గది గుమ్మం దగ్గరున్న పాలరాతి పట్టీని కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. తర్వాత తలుపుకు మూడు బొట్లు. అద్దెకున్న గది, అందులోనూ మూడో వంతు, దానికి ఇంత వైభవమా అని నాన్న వేళాకోళం చేసేవాడు. "అద్దె ఇంటికి లచ్చిందేవి రాదేంటండి?" అని అమ్మ ఒక్క మాటతో నోరు మూయించేది. ఆ తర్వాత హమ్మూర్ చేప తలకాయ పులుసు పొయ్యిమీద పెట్టి, అది మరుగుతుండగా డ్యూటీ చీర కట్టుకునేది. ఆ పులుసు వాసనకే పక్క గదుల వాళ్ళు నిద్రలేచేవారు.

మధ్యాహ్నం ఆ పులుసు కోసం కార్పెంటర్ మామ వచ్చేవాడు. మాకు చుట్టమేమీ కాదు. కరీంనగర్ జిల్లా మనిషి. నాన్నకు సైటులో పరిచయం. ఊరి బయట లేబర్ క్యాంపులో ఒక గదిలో పదిమందితో ఉండేవాడు. చంకలో ఒక పుచ్చకాయ, చేతిలో ఇరానీ బేకరీ రొట్టెలు పట్టుకుని, మెట్లమీదినుంచే కేకవేసేవాడు. "అక్కా, వారమంత క్యాంపుల పప్పు తిని నాలిక సచ్చిపోయింది. కొంచెం పులుసు వొయ్యి!" అక్క డ్యూటీలో ఉందని తెలిసినా ఆ కేక మానేవాడు కాదు.

ఇక సిస్టర్ సంగతి. సిస్టర్ అంటే నర్సు. అమ్మ వార్డులో ఐర్లాండ్ నుంచి వచ్చిన నర్సు ఒకావిడ ఉండేది. ముఖం నిండా గోధుమరంగు చుక్కలు, ఎండకు కమిలి ఎప్పుడూ ఎర్రగా ఉండే ముక్కు. "ఆవిడ నడవదే, ఎగురుద్ది" అనేది అమ్మ. ఒక శుక్రవారం నేను స్టాఫ్ మెస్సులో కూర్చుని, అమ్మ డ్యూటీ అయ్యేదాకా లెక్కలు చేసుకుంటున్నాను. సిస్టర్ నలుగురైదుగురు పిల్లల్ని వెంటేసుకుని వచ్చి, బల్లలన్నీ గోడవారకు నెట్టించి, నావైపు తిరిగింది.

"నీకు కాళ్ళున్నాయా?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఉన్నాయన్నాను.

"అయితే లే."

మార్చిలో వాళ్ళ సెయింట్ పాట్రిక్ పండుగ. దుబాయ్‌లో ఉన్న ఐర్లాండ్ వాళ్ళంతా ఒక క్లబ్బు హాల్లో కలుసుకుంటారు. ఆ రోజు ఆడించడానికి ఆమెకు ఎనిమిదిమంది పిల్లలు కావాలి. నాలుగు జంటలు చతురస్రంగా నిలబడి, ఒకరికొకరు ఎదురుగా వచ్చి, చేతులు అందుకుని, చుట్టూ తిరిగి మళ్ళీ ఎవరి చోటికి వాళ్ళు చేరే ఆట. ఐర్లాండ్ పిల్లలు ముగ్గురే దొరికారు, రోడ్ల కంపెనీ ఇంజనీరుగారి పిల్లలు. మలయాళీ కాంపౌండరు కొడుకులు కవలలు ఇద్దరు. ల్యాబులో పనిచేసే గోవా ఆయన కూతుళ్ళు ఇద్దరు. నాతో ఎనిమిది. "ఒక్కరు తగ్గినా ఆట లేదు. ఎదురుగా మనిషి లేకపోతే చెయ్యి ఎవరికిస్తారు?" అని మొదటిరోజే చెప్పేసింది.

మొదటి పాఠం పక్క అడుగు. ఏడు లెక్కలు ఒకవైపుకి, తర్వాత మూడు, మళ్ళీ మూడు. నాకు లెక్కలకంటే జతులు తేలిక. రీల్ అనే బాణీకి లోపల తకధిమి అనుకునేదాన్ని, జిగ్ అనే బాణీ వస్తే తకిట తకిట. కవలల్లో చిన్నవాడికి కుడి ఎడమలు తెలియవు. సిస్టర్ నవ్వి, వాళ్ళ దేశంలో పాతకాలపు మాస్టార్లు ఇలాంటివాళ్ళకు ఒక కాలికి ఒకరకం గడ్డి, రెండో కాలికి ఇంకోరకం గడ్డి కట్టి, కుడి ఎడమలు మాని గడ్డి పేర్లతో పిలిచేవారని చెప్పింది. దుబాయ్‌లో గడ్డి ఎక్కడిది? వార్డునుంచి కట్టుగుడ్డ, దూది తెప్పించింది. వాడి కాళ్ళకు చెరొకటి చుట్టి, "కట్టు! దూది! కట్టు! దూది!" అని అరుస్తుంటే వాడు తప్పు లేకుండా ఆడాడు. మేము పడీపడీ నవ్వాం.

మధ్యలో నారింజ రంగు పానీయం, బిస్కెట్లు. అప్పుడు సిస్టర్ వాళ్ళ అమ్మమ్మ కబుర్లు చెప్పేది. ఆ కాలంలో డాన్సు మాస్టార్లు ఫిడేలు వాయించేవాణ్ణి వెంటబెట్టుకుని ఊరూరా తిరిగేవారట. ఒక్కో మాస్టారికి కొన్ని ఊళ్ళు. ఒకరి ఊళ్ళోకి ఇంకొకరు రాకూడదు. వస్తే ఊరి మధ్యలో పోటీ, ఎవరికి ఎక్కువ అడుగులు వస్తే వాళ్ళదే ఊరు. మాస్టారు ఎవరింట్లో దిగితే ఆ ఇంటివాళ్ళకు అంత గొప్ప. కుర్రకారు సాయంత్రాలు నాలుగు దారులు కలిసేచోట చేరి ఆడితే చర్చి ఫాదర్లు చేతికర్ర పట్టుకుని తరిమేవారట. "తరిమినా మానలేదు. మానేసుంటే ఇవాళ మీకు నేర్పడానికి నా దగ్గరేముండేది?" అనేది.

నాకు బాగా నచ్చింది తలుపు కథ. వాళ్ళ పాత ఇళ్ళలో మట్టి నేల. మట్టిమీద ఎంత తొక్కినా అడుగు చప్పుడు రాదు. అందుకని ఎవరైనా గట్టి ఆటగాడు వస్తే ఇంటి తలుపు ఊడదీసి నేలమీద పరిచేవారట. మంచి ఆటగాడు ఆ తలుపు అంచు దాటి కాలు బయటపెట్టడు. ఈసారి పండుగకు అదీ చూపించాలని సిస్టర్ పట్టుదల. ఎనిమిదిమంది ఆట అయ్యాక, స్టేజీమీద ఒక తలుపు పరిచి, మాలో ఒక్కొక్కరం దానిమీద గట్టి బూట్లతో ఆడాలి. ముందుభాగాన తోలు పొరలు అంటించి మేకులు కొట్టిన నల్ల బూట్లు అవి. ఐర్లాండ్ నుంచి ఒక పెట్టె నిండా పాతవి తెప్పించింది. నావి ఒక సైజు పెద్దవి. వేళ్ళ దగ్గర దూది కుక్కుకున్నాను.

కాళ్ళతో నాకు ఇబ్బంది లేదు. వచ్చిన చిక్కల్లా చేతులతోనే. ఆ ఆటలో చేతులు కదలకూడదు. భుజాలనుంచి సూటిగా కిందికి, పిడికిలి మూసి, మనిషి నడుముకు పైన నిద్రపోతున్నట్టు, కింద మాత్రం కాళ్ళు చెలరేగిపోవాలి. ఎందుకని అడిగితే, "ఒక్కో అమ్మమ్మ ఒక్కో కథ చెబుతుంది. తలుపు మీద చోటు లేక అని ఒకరు, కిటికీలోంచి చూసేవాళ్ళకు ఆడుతున్నట్టు తెలియకుండా ఉండాలని ఒకరు. నిజం ఎవరికీ తెలియదు. నువ్వు మాత్రం చేతులు దించు" అంది. దించేదాన్ని. కాలు లేవగానే మోచెయ్యి తనంతట తనే లేచేది. మా మాస్టారు మోకాళ్ళు వంచి నేలకు దగ్గరగా కూర్చోమన్నారు, ఈమె నేలను వదిలి ఎగరమంటుంది. ఆయన మోచెయ్యి ఎత్తమన్నారు, ఈమె దించమంటుంది. ఇంజనీరుగారి పెద్దకూతురు నన్ను చూసి కోడి రెక్కలు కొట్టినట్టు చేసి చూపించింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి ఏడవలేదు. నేనేమిటో దానికి చూపిస్తానని మాత్రం అనుకున్నాను.

పాత మాస్టార్లు ఇలాంటి పిల్లల చేతుల్లో రాళ్ళు పెట్టేవారని సిస్టర్ ఒకసారి అంది. అంతే, మా భవనం వెనక కొత్తగా కడుతున్న చోట రెండు గులకరాళ్ళు ఏరుకున్నాను. అరచేతిలో సరిగ్గా ఇమిడేవి. స్కూలు బస్సులో, పాలు తాగుతూ, టీవీ చూస్తూ అవి నా పిడికిళ్ళలోనే. రాళ్ళు పట్టుకుని ఆడితే చేతులు బుద్ధిగా ఉండేవి.

ఇక కావలసింది తలుపు. పండుగకు ఇంకా మూడు వారాలుంది. మెస్సులో సిమెంటు నేల, దానిమీద నా బూట్ల చప్పుడు చచ్చిపోయి వినిపించేది. ఆ శుక్రవారం నాన్న ఊరికి వెళ్ళేవాళ్ళ చేతికి మాటలు రికార్డు చేసిన క్యాసెట్టు ఇవ్వడానికి వెళ్ళాడు. అమ్మ డ్యూటీలో ఉంది. పులుసన్నం తిని వేళ్ళు నాకుతున్న కార్పెంటర్ మామను అడిగాను.

"మామా, ఈ తలుపు ఊడదీయడం కష్టమా?"

"నాకా? గింత పని. ఎందుకు బిడ్డా?"

చెప్పాను. మామ కళ్ళు మెరిశాయి. "తల్పు మీద ఆడుడా! గిది జూడాలె" అంటూ లేచి, స్క్రూలు విప్పి, తలుపును గది మధ్యలో పరిచాడు. లోపల బోలుగా ఉండే ప్లైవుడ్ తలుపు. బూట్లు వేసుకుని మొదటి అడుగు వేయగానే అది మోగింది. ఆ చప్పుడు వినగానే నాకు ఒళ్ళు తెలియలేదు. మామ చేతులు చరుస్తూ, "యల్లా, యల్లా!" అని అరబ్బీలో హుషారు చేస్తుంటే ఆడుతూనే ఉన్నాను. కింది ఫ్లాటువాళ్ళు చీపురుకర్రతో పైకప్పు పొడుస్తున్నారు. అది కూడా మాకు తాళంలాగే ఉంది.

తలెత్తి చూస్తే గుమ్మంలో అమ్మ. చేతిలో టిఫిను డబ్బా. గుమ్మానికి తలుపు లేదు. పొద్దున ఆమె పెట్టిన మూడు బొట్లలో ఒకటి నా బూటు కింద ఉంది.

"తలుపేదే?" అంది మొదట. తర్వాత చూసింది. "శుక్రారం పూట, నేను బొట్టెట్టిన తలుపు మీద బూట్లేసుకుని గెంతుతావా? నీకేవన్నా మతిపోయిందేంటే? దానికంటే పదేళ్ళు, నీకేవయింది తమ్ముడూ?"

మామ చేతులు కట్టుకున్నాడు. "తప్పయిందక్కా. పోరి అడిగింది, కాదనబుద్ధి కాలె. ఐదు నిమిషాలల్ల బిగిస్త."

ఐదు నిమిషాల్లో బిగించాడు. అమ్మ దాన్ని మూడుసార్లు కడిగి, మళ్ళీ మూడు బొట్లు పెట్టి, చెంపలు వేసుకుని, ఆ రాత్రి అన్నం తినలేదు. నా బూట్లు బీరువా మీదికి వెళ్ళాయి. "ఖలాస్. ఇంక ఆ డాన్సు లేదు, గీన్సు లేదు" అంది. నాన్న ఏదో అనబోతే ఆయన వైపు చూసింది. ఆయన న్యూస్ పేపరు విప్పుకున్నాడు.

తప్పు చేశానని నాకూ తెలుసు. అమ్మను బాధపెట్టినందుకు నిజంగానే సిగ్గేసింది. కానీ ఆట మానడం వేరే సంగతి. నేను మానితే ఏడుగురు, ఏడుగురితో ఆట లేదు. బతిమాలలేదు, అలగలేదు. రోజూ స్కూలునుంచి వచ్చి మేడమీదికెళ్ళి, నీళ్ళ ట్యాంకుల మధ్య, వేడి సిమెంటు మీద, వట్టి కాళ్ళతో, పిడికిళ్ళలో రాళ్ళతో వందసార్లు అడుగులు వేసి దిగేదాన్ని. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. అమ్మ చూసింది. కొబ్బరినూనె గిన్నె నా మంచం పక్కన పెట్టింది కానీ మాట్లాడలేదు.

తర్వాతి శుక్రవారం నేను మెస్సుకు వెళ్ళలేదు. సాయంత్రం సిస్టర్ మా మెట్లెక్కి వచ్చింది. మా గదికి తెల్లవాళ్ళు రావడం అదే మొదలు. అమ్మ హడలిపోయి మంచంమీద కొత్త దుప్పటి పరిచింది. సిస్టర్ గుమ్మం దగ్గర పసుపు చూసి, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పి, ఆ పట్టీని దాటి లోపలికి వచ్చింది. అమ్మ అది గమనించింది. టీ ఇచ్చి నిలబడింది. మాటలు అటూ ఇటూ చేరవేయడం నా వంతు.

"మీ అమ్మాయి లేకపోతే మేము ఆడలేమని చెప్పు" అంది సిస్టర్.

"అమ్మా, నేను లేకపోతే వాళ్ళ పండుగే ఆగిపోతుందంట" అన్నాను.

అమ్మ నావైపు అనుమానంగా చూసి, "మాకు తలుపంటే లచ్చిందేవని చెప్పు. కాలెట్టకూడదని చెప్పు. ఏమీ అనుకోవద్దు, వేరే పిల్లని చూసుకోమను" అంది.

నేను గొంతు సవరించుకుని, అమ్మ ఆలోచించి చెబుతానంటోందని ఇంగ్లీషులో అన్నాను.

అమ్మ నా చెవి పట్టుకుంది. "నేనన్నది అదా? నాలుగేళ్ళబట్టి వార్డులో చేత్తన్నాను, ఆ మాత్రం ఇంగిలీసు నాకు రాదనుకున్నావా?" అని, సిస్టర్ వైపు తిరిగి, తనే చెప్పింది. "సిస్టర్, డోర్ గాడ్. షూ నో. సారీ సిస్టర్."

సిస్టర్ నవ్వలేదు. టీ కప్పు కింద పెట్టింది. వాళ్ళ అమ్మమ్మ ఆట అయ్యాక తలుపును కడిగి, చర్చి నీళ్ళు చల్లి, చీకటి పడకముందే గుమ్మానికి ఎక్కించేదని చెప్పింది. "ఇంట్లో అంతకంటే మంచి చెక్క లేక దాన్ని పరిచేవాళ్ళం. తలుపంటే గౌరవం లేక కాదు" అంది. ఈసారి నేను ఒక్క ముక్క కలపకుండా, తీయకుండా చెప్పాను.

అమ్మ తలుపు వైపు తిరిగి చూసింది. మా ఇంట్లో పెద్ద నిర్ణయాలన్నీ అమ్మ అలా ఎటో చూస్తుండగానే జరిగేవి.

"ఏ ఇంటికీ బిగించంది అయితే?" అంది చివరికి. "ఇంకా గుమ్మం ఎక్కలేదు, బొట్టు పెట్టలేదు. అప్పుడది ఉత్త చెక్కే గదా. దాని మీద ఏం చేసుకున్నా తప్పు లేదు."

నేను ఇంగ్లీషు చేసి చెప్పగానే సిస్టర్ లేచి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. అమ్మ చేతులు లాక్కోవాలో ఉంచాలో తెలియక అలాగే ఉండిపోయింది. సిస్టర్ వెళ్ళాక అమ్మ బీరువా మీదినుంచి బూట్లు దించి నా ముందు పడేసింది. "ఒప్పుకున్నాను గదాని మద్దిలో మానేసేవో, కాళ్ళిరగ్గొడతాను."

మామకు కబురు వెళ్ళింది. పాపం, తప్పు దిద్దుకోవడానికి ఎదురుచూస్తున్నట్టున్నాడు. సైటులో ముదీరును, అంటే మేనేజర్ని అడిగి, స్లాబుల షట్టరింగులో మిగిలిన ప్లైవుడ్ తీసుకుని, డ్యూటీ దిగాక మూడు సాయంత్రాలు కూర్చుని చేశాడు. నాన్న కంపెనీ పికప్పులో దాన్ని తెచ్చాడు. "లోపల బోలు వెట్టిన. మద్దెల లెక్క మోగుతది. గుమ్మానికి బిగించె బందులు మాత్రం వెట్టలే, వెడితే అక్క ఊకోదు" అన్నాడు మామ. అమ్మ చుట్టూ తిరిగి చూసింది. ఎక్కడా పసుపు మరక కూడా అంటకుండా తన చీర కొంగు దూరంగా పట్టుకుంది. గది మధ్యలో దాన్ని పరిస్తే ఇక కూర్చోవడానికి చోటు లేదు. పది రోజులు మేము దాని చుట్టూ గోడలకు ఆనుకుని అన్నాలు తిన్నాం.

పండుగరోజు క్లబ్బు హాలంతా ఆకుపచ్చ కాగితాలు. నూనెలో వేగే ఆలుగడ్డల వాసన, అత్తరుల వాసన. ముందు వరసలో డాక్టర్లు, మధ్యలో హాస్పిటల్ మేట్రన్. ఆమె అంటే అమ్మకే కాదు, సిస్టర్లకు కూడా వణుకు. అమ్మ డ్యూటీ చీరలోనే వచ్చి, మిగతా ఆయాలతో వెనక గోడ దగ్గర నిలబడింది. సగం డ్యూటీలోనే వచ్చేయడం కోసం ఇంకో ఆయాకు రెండు డ్యూటీలు బదులు చేసింది. నాన్న, మామ ఆమె పక్కన.

ఎనిమిదిమంది ఆట బాగా జరిగింది. కట్టు కాలు, దూది కాలు కూడా తడబడలేదు. ఇంజనీరుగారు అకార్డియన్ వాయించారు. తర్వాత మామ చేసిన తలుపును స్టేజీమీద పరిచారు. నాది అయిదో వంతు. తెర పక్కన సిస్టర్ నా పిడికిళ్ళు విప్పి రాళ్ళు తీసేసుకుంది. స్టేజీమీద అవి ఉండకూడదట. నా చేతులు ఒక్కసారిగా తేలికైపోయాయి.

తలుపెక్కాను. మొదటి ఎనిమిది లెక్కలు అనుకున్నట్టే మోగాయి. తర్వాత బరువు లేని కుడిచెయ్యి, అమ్మమ్మ ఊళ్ళో మాస్టారు నేర్పినట్టే, మోచేతిదాకా లేచి వేళ్ళు చాపి పతాక ముద్ర పట్టింది. దాని వెనకే ఎడమది. హాలంతా నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, ముద్దుగా ఉందని నవ్వారు. ఆట ముగిసేసరికి చప్పట్లు కూడా కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముద్దుగా ఉండటానికా నేను అరికాళ్ళు కాల్చుకుంది?

సిస్టర్ దిగి రమ్మని సైగ చేసింది. ఒక్కొక్కరికి ఒక్కసారే. కవలల్లో పెద్దవాడు తన వంతుకు సిద్ధంగా ఉన్నాడు. నేను దిగలేదు.

"మళ్ళీ వాయించండి" అన్నాను ఇంజనీరుగారితో.

ఆయన సిస్టర్ వైపు చూశాడు. సిస్టర్ ముందు వరస వైపు చూసింది. మేట్రన్ చేతి గడియారం చూసుకుంది. చప్పట్లు ఆగిపోయాయి. తెర పక్కనుంచి ఎవరో రా, రా అంటున్నారు. నేను తలుపు అంచు దాటి కాలు బయటపెట్టలేదు.

అప్పుడు వెనక గోడ దగ్గరనుంచి అమ్మ గొంతు వినిపించింది. హాస్పిటల్ వాళ్ళ ఎదుట "ఎస్ సిస్టర్, ఓకే సిస్టర్" తప్ప పెదవి దాటని గొంతు.

"దిగకు! సరిగ్గా ఆడి అప్పుడు దిగు!"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. మేట్రన్ తల కూడా. అమ్మ కొంగు బిగించుకుని నిలబడే ఉంది. ఇంజనీరుగారికి తెలుగు రాదు. అయినా ఆయన అకార్డియన్ ఎత్తుకున్నాడు.

రాళ్ళు లేవు. ఉన్నాయనుకుని పిడికిళ్ళు బిగించాను. గోళ్ళు అరచేతుల్లోకి దిగుతున్నాయి. ఏడు, మూడు, మూడు. తకధిమి, తకధిమి. మామ చెప్పినట్టే తలుపు మద్దెలలా మోగింది. చేతులు లేవలేదు. చివరి అడుగు తొక్కి, వంగి, భూమికి నమస్కారం చేసి దిగాను. అది మాత్రం మా మాస్టారు నేర్పిందే. ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత ఏడాదికే సిస్టర్ ఐర్లాండ్ వెళ్ళిపోయింది. రెండు మూడు ఉత్తరాలు రాసింది. మామ వేరే కంపెనీకి మారి ఉమ్ అల్ క్వైన్ వెళ్ళాడు, అక్కడినుంచి ఊరికి. ఆ తలుపును ఇంజనీరుగారు అడిగి తీసుకెళ్ళారు. నేను ఇంకో రెండేళ్ళు ఆడాను. నేర్పేవాళ్ళు లేక ఆగిపోయింది. మేమున్న భవనం ఇప్పుడు లేదంటారు. అమ్మ పోయి ఆరేళ్ళయింది.

ఆమె గుర్తొచ్చినప్పుడల్లా ఆ పండుగ సాయంత్రం టాక్సీయే కళ్ళముందు ఉంటుంది. వెనక సీట్లో అమ్మ పక్కన నేను, ముందు నాన్న. మేట్రన్ ఏమంటుందోనని నాన్న సణుగుతున్నాడు. మర్నాడు ఆమె అమ్మను పిలిచి, "ఆ పిల్ల నీ కూతురా?" అని అడిగి ఊరుకుందని తర్వాత తెలిసింది. కానీ ఆ సాయంత్రానికి ఉద్యోగం పోయిందనే అనుకుంటున్నాం. అమ్మ నా అరచేతులు తిప్పి, గోళ్ళ గాట్లను కొంగుతో తుడుస్తోంది.

"మళ్ళీ చేతులు లేచుంటే ఏం చేసేదానివే?" అంది.

"మూడోసారి ఆడేదాన్ని."

అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

"నేనూ ఇంకోసారి అరిచేదాన్నిలే" అంది.